పాలిచ్చే తల్లులు సప్లిమెంట్లు వాడవచ్చా?

సైదాబాద్ తల్లి:
మా పాపకు రెండు నెలలు నిండాయి. ఆసుపత్రిలో రాసిచ్చిన ఐరన్, కాల్షియం మాత్రలు వేసుకుంటున్నాను. పాలు చాలడం లేదని మా అత్తగారు ఆన్‌లైన్‌లో మెంతి క్యాప్సూళ్లు తెప్పించారు. మా అక్కేమో, తల్లి మింగినదంతా పాలలోకి దిగుతుంది కనుక ఏ మాత్రా ముట్టవద్దంటోంది. పెద్దలు తమ అభిప్రాయం చెప్పగలరు.

చిక్కడపల్లి ఫార్మసిస్టు:
అమ్మా, అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. ప్రసవం తరువాత 180 రోజుల పాటు రోజూ 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్ర వేసుకోవాలన్నది కేంద్ర ప్రభుత్వ రక్తహీనత నివారణ కార్యక్రమంలో ఉన్న సూచనే. తల్లి ఐరన్ వేసుకున్నంత మాత్రాన పాలలో దాని మోతాదు పెద్దగా మారదు; ఆ మాత్ర కాన్పులో మీరు కోల్పోయిన రక్తం కోసం. కాకపోతే దానిని కాల్షియంతో కలిపి వేసుకోకండి, ఐరన్ ఒంటికి సరిగా పట్టదు.

మీ అక్కగారి మాట కొన్నిటి విషయంలో నిజమే. విటమిన్ బి12 పాలలోకి చేరుతుంది. అందుకే శాకాహారి తల్లికి అది బాగా లోపిస్తే బిడ్డ ఎదుగుదల కుంటుపడవచ్చు, అక్కడ మాత్ర మానడమే ప్రమాదం. అయోడినూ చేరుతుంది, కానీ సముద్రపు నాచు పొడుల వంటి వాటితో అది మోతాదు మించితే బిడ్డ థైరాయిడ్ దెబ్బతినే అవకాశం ఉంది.

బోడుప్పల్ అమ్మమ్మ:
కంపెనీ మాత్రలకు ఒక న్యాయం, ఇంటి దినుసులకు ఒక న్యాయమా? మెంతులు, వెల్లుల్లి, బాలింతలకు పెట్టే కాయం తిని పిల్లల్ని పెంచిన ఇళ్లు మనవి. వాటిని అనుమానించి, సీసాలో వచ్చినదాన్ని నమ్మమనడం నాకు నచ్చలేదు.

చిక్కడపల్లి ఫార్మసిస్టు:
అమ్మమ్మగారూ, నేను శంకిస్తున్నదీ సీసానే. పులుసులో వేసే చిటికెడు మెంతులు వేరు, రోజుకు మూడు పూటలా మింగే గట్టి మోతాదు వేరు. ఆ మోతాదులో మెంతులు రక్తంలో చక్కెరను తగ్గించగలవు కనుక షుగరు మందులు వాడే బాలింత జాగ్రత్త పడాలి, కొందరికి విరేచనాలవుతాయి, వేరుశనగ పడనివారికి మెంతులు కూడా పడకపోవచ్చు. ఇంత చేసినా పాలు పెరుగుతాయనడానికి ఉన్న ఆధారం బలహీనమే. ఆహార సప్లిమెంటుగా అమ్మే డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు సంఖ్య ఉన్నంత మాత్రాన దానిని పాలిచ్చే తల్లుల మీద పరీక్షించారని అర్థం కాదు. (ఈ మాట నా వ్యాపారానికే నష్టమని నాకూ తెలుసు.)

తార్నాక నర్సు:
అసలు పాలు చాలడం లేదని ఎలా తేల్చారు? పాప రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే. ఎన్నిసార్లు పట్టిస్తే, రొమ్ము ఎంతగా ఖాళీ అయితే అంతగా పాలు ఊరుతాయి. పాప నోటి పట్టు సరిగా లేకపోతే ఏ క్యాప్సూలూ ఆ పని చేయలేదు. ఇంకొక మాట, తల్లిపాలలో విటమిన్ డి తక్కువ కనుక పాపకు రోజుకు 400 యూనిట్ల చుక్కలు విడిగా వేస్తారు, వేస్తున్నారో లేదో చూసుకోండి. పదో వారం టీకాకు వెళ్లినప్పుడు పాప బరువు తూయించి, ఆ క్యాప్సూళ్ల సీసా డాక్టరుగారికి చూపించండి.

బోడుప్పల్ అమ్మమ్మ:
సీసా సంగతి ఒప్పుకుంటాను. కాయం మాత్రం మా కోడలి చేత మాన్పించను.