అలైన్‌మెంట్‌కి 'అమరిక' సరిపోతుందా?

మరబోట్ల మెకానిక్కుల కోసం ఓ చిన్న పుస్తకం తెలుగులో రాస్తున్నాను. ఇంజన్ అలైన్‌మెంట్ దగ్గర ఆగిపోయాను. నిఘంటువు 'అమరిక' అంటోంది. పువ్వుల అమరిక, కుర్చీల అమరిక సరే. ఇంజన్ వెనకుండే గేర్‌బాక్సు కప్లింగూ, ప్రొపెల్లర్‌ని తిప్పే షాఫ్టు కప్లింగూ (రెంటినీ ఎదురెదురుగా కలిపే బిళ్లలు) ఒకే గీత మీదికి రావడం అందులో ఎక్కడుంది?

మొన్న కాకినాడలో మా బాబాయి బోటులో ఈ పని దగ్గరుండి చూశాను. ఇంజన్‌ని మోసే కాళ్లు, అంటే మౌంట్లు, నాలుగు. ముందు మౌంట్లు రెండూ చేతికి అందుతాయి. అమరం (బోటు వెనక భాగం) వైపువి గేర్‌బాక్సు కింద ఇరుక్కుని ఉంటాయి. మేస్త్రి బోర్లా పడుకుని, పిడి సగానికి కోసేసిన పానా లోపలికి పోనిచ్చి, కంటికి కనబడని మౌంటు నట్టుని వేళ్లతో తడుముకుంటూ ఒక్కో పలకా తిప్పాడు. ఆరు పలకల నట్టు. ఒక చుట్టుకి ఇంజన్ అక్కడ 1.5 మి.మీ. లేస్తుంది, అంటే పలకకి పావు మి.మీ. తిప్పినప్పుడల్లా కప్లింగుల మధ్య పైనా కిందా కుడీ ఎడమా ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చి చూడటమే. 4 అంగుళాల కప్లింగుకి తేడా 4 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) దాటకూడదట. అంతసేపూ ఆయన నోట 'అలైన్‌మెంట్' రాలేదు. "ఓర పోయింది, ఇంకా ఎడమకి జరిగుంది" అన్నాడు. చివరికి, "హమ్మయ్య, తిన్నగా కూర్చుంది!"

వ్యాఖ్య: 'మట్టం' అనొచ్చు కదండీ? తాపీవాళ్ల రసమట్టం ఎటూ ఉంది.

జవాబు: అది కుదరదండీ. షాఫ్టు అమరం వైపు కిందికి వాలి ఉంటుంది, ఇంజనూ అదే వాలులో కూర్చోవాలి. రసమట్టం పెట్టి సరిచేస్తే ఇంజన్ మట్టంగానే ఉంటుంది, షాఫ్టుతో మాత్రం కలవదు. ఇక బోటంతా వణుకు, బేరింగు అరుగుదల.

వ్యాఖ్య: ఏకరేఖీకరణ.

జవాబు: అది పలికేలోపు పోటు పోయి ఆటు వచ్చేస్తుంది సార్.

వ్యాఖ్య: మీ మేస్త్రి మాటల్లోనే జవాబుంది. ఇంగ్లీషు ఒక్క మాటతో సరిపెట్టిన చోట ఆయన రెండు లోపాల్ని విడదీశాడు. రెండు కప్లింగులూ సమాంతరంగానే ఉండి ఒకటి పక్కకి పోతే 'జరిగింది'. ఒక అంచు ఆనుకుని రెండో అంచు తెరుచుకుంటే 'ఓర'. తలుపు ఓరగా వేయడం అంటామే, అచ్చం అదే. ఓరచూపూ ఆ ఇంటిదే. ఓర, అంటే తెరుచుకున్న సందు, కింది వైపు ఉంటే ముందు మౌంట్లు దించాలి, పై వైపు ఉంటే ఎత్తాలి. ఇది గుర్తుంటే ఆ అందని వెనక నట్లతో కుస్తీ కాస్త తగ్గుతుంది. జరిగిన దానికి మాత్రం నాలుగు మౌంట్లూ కదపక తప్పదు.

వ్యాఖ్య: 'కూర్చుంది' కూడా వదలకండి. గట్టు మీద తిన్నగా కూర్చున్నది నీళ్లలోకి దిగాక అలా ఉండదు. బోటు ఒళ్లు సర్దుకోవడానికి ఒకటి రెండు రోజులు ఆగి మళ్లీ గేజ్ పెట్టాలి.

జవాబు: అందరికీ నమస్కారం. అధ్యాయం పేరు 'ఇంజన్ తిన్నగా కూర్చోబెట్టడం' అని మార్చాను. లోపల 'ఓర', 'జరుగు' వేరువేరు శీర్షికలు. సరిచేసిన నట్టు కదలకుండా బిగించే లాక్ నట్టుని మాత్రం లాక్ నట్టుగానే ఉంచేశాను.