చిన్న విమానం సెస్నా 172 కొనాలనుకుంటున్న తమ్ముడికి: మెయింటెనెన్స్ లెక్క

తమ్ముడూ, ఏడాదికి ఎంత పక్కన పెట్టుకోవాలని అడిగావు. దానికంటే ముందు ఒక విషయం. హెచ్‌-1బీ మీద వచ్చానన్నావు. అమెరికాలో విమానాన్ని సొంత పేరు మీద రిజిస్టర్ చేయించాలంటే పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. అది వచ్చేదాకా ఏదైనా ఫ్లయింగ్ క్లబ్‌లో చేరు. శిక్షణకు ముందు అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ క్లియరెన్స్ తీసుకోవాలి. క్లబ్ వాళ్ల మెయింటెనెన్స్ బిల్లులు చూపించమని అడుగు, నిజమైన లెక్క అక్కడే తెలుస్తుంది.

ఇక ఖర్చు. విమానం కదలకపోయినా అయ్యేది వేరు, ఎగిరిన గంటగంటకూ అయ్యేది వేరు. హ్యాంగర్ (విమానం నిలిపే షెడ్డు) అద్దె, ఇన్సూరెన్స్, యాన్యువల్ అనే ఏడాది తనిఖీ మొదటి రకం. యాన్యువల్ 12 నెలలకోసారి తప్పదు, ఐఏ (తనిఖీ చేసే అధికారం) ఉన్న మెకానిక్కే సంతకం చేయాలి. ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు విమానం ఎక్కడుందో తెలిపే పరికరం) టెస్ట్ 24 నెలలకోసారి. షాపువాళ్లు చెప్పే యాన్యువల్ రేటు సాధారణంగా తనిఖీకి మాత్రమే. అందులో బయటపడ్డ రిపేర్లకు వేరే బిల్లు వస్తుంది. కొన్న మొదటి ఏడాది ఆ రెండో బిల్లే భయపెడుతుంది, ఎందుకంటే పాత ఓనర్ వాయిదా వేసుకుంటూ వచ్చినవన్నీ అప్పుడు నీ నెత్తిన పడతాయి. అందుకే కొనేముందు, అమ్మేవాళ్లతో ఏ సంబంధమూ లేని మెకానిక్‌తో చూపించు. ఆ ఫీజు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

గంటల ఖర్చులో పెట్రోలు అందరికీ గుర్తుంటుంది. ఫిల్టర్ ఉన్న ఇంజన్‌కి 50 గంటలకు, లేదంటే 4 నెలలకు ఆయిల్ మార్చాలి. స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు ఇచ్చే మ్యాగ్నెటోలు 500 గంటలకు విప్పి చూడాలి. చాలామంది లెక్క తప్పేది ఇంజన్‌ను మొత్తం విప్పి బాగుచేసే ఓవర్‌హాల్ దగ్గర. చాలా 172లలో ఉండే లైకమింగ్ ఓ-320 లాంటి ఇంజన్‌కి కంపెనీ చెప్పే గడువు 2000 గంటలు లేదా 12 ఏళ్లు. సొంతానికి ఎగిరేవాళ్లకు చట్టప్రకారం అది తప్పనిసరి కాదు, కానీ డబ్బు సిద్ధంగా ఉండాలి. ఓవర్‌హాల్ ఖర్చును 2000తో భాగించి గంటకు ఇంత అనుకుంటారు. 1400 గంటలు తిరిగిన ఇంజన్ కొంటే నీకు మిగిలింది 600 గంటలే. భాగించాల్సింది 600తో. అప్పుడు గంటకు పక్కన పెట్టాల్సింది మూడు రెట్లు దాటుతుంది. ధర బేరమాడేటప్పుడు ఆ తేడా మేరకు తగ్గించమని అడగాలి.

"పాతదే, కానీ తక్కువ గంటలు తిరిగింది" అని ఊరిస్తే తొందరపడకు. లైకమింగ్‌లో క్యామ్‌షాఫ్ట్ (వాల్వ్‌లను తెరిచే కడ్డీ) పైన ఉంటుంది. నెలల తరబడి నిలబెడితే ఆయిల్ కిందికి జారిపోయి దానికి తుప్పు పడుతుంది. మొత్తం గంటలు కాదు, గత రెండు మూడేళ్లలో ఎన్ని గంటలు ఎగిరిందో లాగ్‌బుక్‌లో చూడు.

—

పైన అన్నయ్య చెప్పినదానికి నేనూ ఒకటి కలుపుతాను. పైలట్ సర్టిఫికెట్ వచ్చాక ఆయిల్ మార్చడం, స్పార్క్ ప్లగ్‌లు శుభ్రం చేయడం, టైరు మార్చడం లాంటివి ఓనరే చేసుకోవచ్చు. అమెరికా విమానయాన నియమాల్లోని పార్ట్ 43 అపెండిక్స్ ఏలో ఆ జాబితా ఉంది. చేసిన ప్రతిదీ లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెట్టాలి. మొదటిసారి మాత్రం మెకానిక్ పక్కనుండగా చేయండి. కొందరు మెకానిక్‌లు యాన్యువల్‌కి కూడా మనల్ని పక్కన పని చేయనిస్తారు, ప్యానెల్స్ విప్పి మళ్లీ బిగించే లేబర్ ఖర్చంతా మిగులుతుంది. అలా ఒప్పుకునేవారు మీ ఎయిర్‌పోర్టులో ఉన్నారేమో కొనకముందే కనుక్కోండి.