యాంగిల్ కాక్ కట్టినా నీళ్లు ఆగడం లేదు: సింకు మార్చడం ఎలా?

ప్రశ్న:
మాది ఐదంతస్తుల పాత అపార్టుమెంటులో మూడో అంతస్తు. వంటగదిలోని స్టీలు సింకు తీయించి, మిక్సర్ కుళాయితో సహా కొత్తది బిగించుకోవాలనుకుంటున్నాము. అయితే సింకు కింద గోడకు ఉండే చిన్న వాల్వును, అంటే చన్నీళ్ల యాంగిల్ కాక్‌ను పూర్తిగా తిప్పినా సన్నటి ధార ఆగడం లేదు. మేడ మీద ట్యాంకు దగ్గర ఏడెనిమిది వాల్వులున్నాయి గాని, ఏది దేనిదో వాచ్‌మన్‌కు కూడా తెలియదు. పని మొదలుపెట్టే ముందు ఏం చేయడం మంచిది?

జవాబు 1:
ఆ కాక్‌ను ఇంకా బలంగా తిప్పకండి. బోరు నీళ్లలోని లవణాలు లోపల పేరుకుని, వాషరు గట్టిపడి అరిగిపోయాక ఎంత బిగించినా అది నీళ్లను ఆపలేదు. పైగా గోడలో ఉన్నది పాత జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపైతే, తుప్పు పట్టిన మర భాగం గోడలోనే విరిగి, సింకు పని కాస్తా గోడ పగలగొట్టే పనిగా మారుతుంది. మేడ మీది వాల్వులు సాధారణంగా ఫ్లాట్లవారీగా కాక లైన్లవారీగా ఉంటాయి. మీ వంటగది లైను కడితే పైనా కిందా ఉన్న వంటగదులకు కూడా నీళ్లు ఆగిపోతాయి కనుక, ఇరుగుపొరుగుకు ముందే చెప్పి, మీ కుళాయి తెరిచి ఉంచి, ఒక్కో వాల్వునూ కట్టి చూడండి. నిలువు పైపులోని నీళ్లు దిగేదాకా ధార వస్తూనే ఉంటుంది. అంతలోనే అది మనది కాదనుకోకండి.

జవాబు 2:
వేడినీళ్ల సంగతి కూడా చూసుకోవాలి. అవి స్నానాలగది గీజరు నుంచి వస్తుంటే, ఆ గీజరుకు నీళ్లు చాలా ఇళ్లలో వేరే లైను నుంచి అందుతాయి. అందువల్ల వంటగది వాల్వు కట్టినా, సింకు కింది రెండో గొట్టం విప్పగానే వేడినీళ్లు చేతిమీద పడవచ్చు. గీజరు స్విచ్చి ఆపి, దానికి నీళ్లు వెళ్లే కాక్ కట్టాకనే పని మొదలుపెట్టించండి.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలండి. మా వాల్వు ఏదో ప్లంబరు కనిపెట్టారు. అది గేట్ వాల్వు (చక్రం తిప్పితే లోపలి పలక దిగి నీళ్లను ఆపేది). చక్రం ఊరికే తిరుగుతోంది, నీళ్లు మాత్రం ఆగడం లేదు.

జవాబు 1:
లోపలి పలక స్పిండిల్ (చక్రానికి ఉండే కడ్డీ) నుంచి ఊడిపోయి ఉండవచ్చు. దానికి మరమ్మతు దండగ. ట్యాంకు ఖాళీ అయిన వేళ, మోటారు వేయకముందే, దాని స్థానంలో పిడి తిప్పితే కట్టుకునే బాల్ వాల్వు వేయించండి; పిడి పైపుకు అడ్డంగా ఉంటే కట్టినట్టని ఎవరికైనా చూడగానే తెలుస్తుంది. లైను సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపుదైతే జిగురు ఆరేదాకా, డబ్బా మీద రాసినంతసేపు, నీళ్లు వదలకూడదు. ఎలాగూ నీళ్లు ఆపుతారు కనుక సింకు కింది రెండు కాక్‌లనూ ఆ పూటే మార్పించి, వాటర్ ఫిల్టరుకు విడిగా ఒకటి పెట్టించండి.