బరి: గీత, గోదా, తెగింపు

‘బరి’ అంటే కోడిపందేలు జరిగే చోటు అని తప్ప ఇంకో అర్థం తెలియదని మన గ్రూపు చర్చలో ఒక సభ్యురాలు రాశారు. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు పెరిగినవాళ్ళకి అలా అనిపించడం సహజమేనండి. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ అక్కడ ‘ఏ బరికి వెళ్ళారు?’ అనే అడుగుతారు. కానీ నిఘంటువు తెరిస్తే బరికి హద్దు అనే అర్థం కూడా ఉంటుంది. ఆటలో నేలమీద గీసుకునే గీత అది. చెడుగుడులో కూత పెట్టి వెళ్ళినవాడు ఊపిరి తెగేలోపు తిరిగి చేరాల్సింది ఆ గీతకే.

గీత కాస్తా చోటుగా మారడం నాకు చిన్న విషయంగా అనిపించదు. గీతగా ఉన్నప్పుడు బరి ఆడేవాళ్ళది. కోతలైన చేలో మడమతో ఈడ్చి గీసుకుంటారు, చెరిగితే మళ్ళీ గీస్తారు, దాటాడా లేదా అని వాళ్ళలో వాళ్ళే తగువు పడి తేల్చుకుంటారు. చోటుగా మారాక అది చూసేవాళ్ళది అయిపోయింది. ‘బరిలో దిగాడు’ అన్నామంటే దిగేది ఒకరో ఇద్దరో, చుట్టూ నిలబడి చూసేది ఊరంతా. ఎన్నికల వార్తలకి ఈ మాట అంత బాగా అతికింది అందుకేనేమో. అభ్యర్థి బరిలో ఉంటాడు, ఓటరు గట్టు మీద ఉంటాడు. ఆ వాడుక నాకు నచ్చదు.

ఊరి ఆటలు క్రీడలుగా మారే తీరు గురించి నార్బర్ట్ ఎలియాస్ అనే సమాజశాస్త్రవేత్త ఇంగ్లండును చూపించి రాశారు. ఊరికో తీరుగా ఉన్న నియమాలు రాతలోకి వస్తాయి, కొలతలు స్థిరపడతాయి, దెబ్బలాటకి పగ్గం పడుతుంది. చెడుగుడు కబడ్డీ అయినప్పుడు జరిగిందీ అదే. కూతకి తోడు 30 సెకన్ల గడియారం వచ్చింది. 1990లో ఆ ఆట బీజింగ్ ఆసియా క్రీడల్లో చేరింది, 2014 నుంచి ప్రొ కబడ్డీ టీవీలో వస్తోంది. పల్లెటూరి కుర్రాళ్ళకి ఆ ఆటతో బతికే వీలు దొరికింది, అందుకు సంతోషమే. కూత మాత్రం ‘రైడ్’ అయింది, నడిమి బరి ‘మిడ్ లైన్’ అయింది.

కోడిపందెం ఆ దారిన పోలేదు. జంతువులతో పోరాటాలు ఆడించడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. అయినా ఏటా బరులు వెలుస్తూనే ఉన్నాయి, ఇప్పుడైతే ఫ్లడ్ లైట్లు, పెద్ద తెరలతో సహా. ఎందుకు ఆగదో అర్థం కావాలంటే క్లిఫర్డ్ గీర్ట్జ్ అనే మానవశాస్త్రవేత్త బాలి ద్వీపంలోని కోడిపందేల మీద రాసి 1972లో ప్రచురించిన వ్యాసం చదవాలి. మన డెల్టా గురించే రాశారా అనిపిస్తుంది. అక్కడా పుంజు కాలికి కత్తి కడతారు. అక్కడా ఓడిన పుంజుని గెలిచినవాడే ఇంటికి పట్టుకెళ్ళి వండుకుంటాడు. మనం ‘కోస’ అంటామే, అదన్నమాట. అక్కడా పుంజుల యజమానుల మధ్య అసలు పందెం వేరు, చుట్టూ మూగినవాళ్ళు కాసుకునే పైపందేలు వేరు. అసలు పందెం సొమ్ము యజమాని ఒక్కడిదే కాదు, అతని బంధుబలగం అంతా కలిపి పెడుతుంది. సొంతవాళ్ళ పుంజుకి ఎదురు కాయడం తప్పు. పందెం పెద్దదయ్యేకొద్దీ డబ్బు లెక్క వెనక్కి పోయి పరువు లెక్క ముందుకొస్తుందని గీర్ట్జ్ అంటారు. పుంజు ఎవరి తాలూకుదో కనుక్కున్నాకే పైపందెం కాసేవాళ్ళు మన దగ్గర లేరా?

ఒకచోట మాత్రం నేను ఆయనతో ఒప్పుకోలేను. గెలుపోటములతో ఎవరి అంతస్తూ నిజంగా మారదని ఆయన రాశారు. పందేల అప్పులకి ఎకరాలు అమ్ముకున్న కుటుంబాలకి ఆ మాట చెప్పలేం.

బాలి పందెం మగవాళ్ళదే అని కూడా ఆయన గుర్తించారు. మన బరీ చాలావరకు అంతే. ఇక్కడే ‘బరితెగించడం’ గురించి చెప్పాలి. అర్థం చూస్తే హద్దు మీరడం, అంతే. మగవాడినీ అనొచ్చు. కానీ వీధిలో ఎవరిని అంటున్నారో గమనించండి, ఎక్కువగా ఆడపిల్లనే. అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ 2023 ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం గెలిస్తే మన గోదావరి లంకల్లో కూడా పొంగిపోయాం. అదే లంకలో ఒక అమ్మాయి నిక్కరు వేసుకుని హైస్కూలు గ్రౌండుకి కబడ్డీ ఆడడానికి వెళ్తే, అరుగు మీంచి వినపడేది ‘బరితెగించింది’ అనే. మహిళల కబడ్డీ ఆసియా క్రీడల్లోకి 2010లో గానీ రాలేదు, పురుషుల కన్నా ఇరవై ఏళ్ళు ఆలస్యంగా. ఆ ఆలస్యానికి కారణాలు వెతికేవాళ్ళు ఈ అరుగు మాటల్ని కూడా లెక్కలో వేసుకోవాలని నా పట్టుదల. ఆడపిల్ల గీత దాటి వెళ్ళి, ఒకరిని తాకి, తిరిగి రావడమే ఆ ఆట. ఆడినందుకే తిట్టు పడితే ఆమె ఎలా ఆడుతుంది?

ఒక సాయం చేయండి. కోనసీమలో, కొల్లేటి వైపు ఊళ్ళలో చెడుగుడు నడిమి గీతని ‘బరి’ అనే అనేవారా, వేరే మాట ఏదైనా ఉండేదా? మీ అమ్మమ్మల్నీ నాయనమ్మల్నీ కూడా అడిగి రాయండి. వాళ్ళు ఆడిన ఆటల్లో గీతకి ఏ పేరుండేదో తెలిస్తే మరీ మంచిది.