సిజేరియన్ తర్వాత మళ్లీ నెల తప్పకపోతే ముందు చూడవలసింది కుట్టునేనా?

పాప అమ్మ:
పాపకు మూడున్నరేళ్లు, సిజేరియన్ కాన్పు. నా వయసు 33. రెండో బిడ్డ కోసం 14 నెలలుగా చూస్తున్నాం. నెలసరి ఆగాక కూడా నాలుగైదు రోజులు గోధుమ రంగు మరక కనిపిస్తోంది. స్కాన్‌లో పాత కుట్టు దగ్గర గుంట ఉందని, ఆపరేషన్ చేయించుకోమని చెప్పారు. ఒప్పుకోవాలా?

వెన్నెల:
ఒప్పుకోండి. ఆ మరకను మామూలేనని రెండేళ్లు సరిపెట్టుకున్నదాన్ని నేను. గుంటలో నిలిచిన రక్తం కొద్దికొద్దిగా గర్భాశయంలోకి ఊరుతుంది. పిండం అతుక్కోవడానికి అది అడ్డుపడవచ్చు. సరిచేయించుకున్నాకే నాకు బాబు పుట్టాడు.

నిదానం:
మీకు మేలు జరిగినందుకు సంతోషం వెన్నెల గారూ. అయినా ఈ తొందర నాకు నచ్చలేదు. గుంట ఉన్నా ఏ చికిత్సా లేకుండా గర్భం దాల్చినవారు ఎందరో. పాప అమ్మ గారూ, మీరు రాసినదాంట్లో మీవారి ఊసే లేదు! వీర్య పరీక్ష అయిందా? ఒక బిడ్డ పుట్టింది కాబట్టి ఆయనలో లోపం ఉండదని అందరూ అనుకుంటారు. మా ఇంట్లోనూ అలాగే అనుకుని 9 నెలలు నాకే పరీక్షలు చేయించారు. చివరికి తగ్గింది ఆయన కణాల సంఖ్య అని తేలింది. ఆ 9 నెలలు తలచుకుంటే ఇప్పటికీ బాధే. థైరాయిడ్, అండం విడుదల, ట్యూబులు కూడా చూడాలి. సిజేరియన్ తర్వాత లోపలి పొరలు అతుక్కుని ట్యూబులు చిక్కుకుపోవచ్చు.

వెన్నెల:
ఆయన పరీక్ష ముందు జరగాలి, నిజమే. కుట్టును మాత్రం చివరికి నెట్టకండి. అండం విడుదలయ్యే రోజుల్లో స్కాన్ తీయించి, గర్భాశయంలో ద్రవం ఉందేమో అడగండి. గుంట దగ్గర మిగిలిన కండరం మందం కూడా రాయించుకోండి. అది 3 మిల్లీమీటర్ల కంటే పలుచగా ఉంటే, యోని మార్గంలో గొట్టం పంపి చేసే ఆపరేషన్‌లో గర్భాశయానికి చిల్లు పడే, మూత్రాశయానికి దెబ్బ తగిలే ప్రమాదం ఎక్కువ. అప్పుడు సాధారణంగా లాపరోస్కోపీ, అంటే పొట్టపై చిన్న రంధ్రాల గుండా ఆపరేషన్, చేస్తారు.

నిదానం:
లాపరోస్కోపీలో కుట్టు వేస్తే అది మానేదాకా కొన్ని నెలలు గర్భం వద్దంటారు. ఆ నెలలు ఊరికే పోతే ఎవరిస్తారు? అందుకే అంటున్నాను, కోతకు ముందే మిగతావన్నీ తేలాలని.

పాప అమ్మ:
ఇదంతా ఆయనకు చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, వీర్య పరీక్షకు ముందు ఎన్ని రోజులు కలవకుండా ఉండాలని అడిగారు.

నిదానం:
2 నుంచి 7 రోజులు. ఫలితం తేడాగా వస్తే కంగారుపడక మరోసారి చేయించండి.