కేమెల్ కేస్ నుంచి స్నేక్ కేస్: జీఎస్టీ దగ్గర ముక్కలవుతోంది

మూసీ_పిలగాడు, నల్లగొండ:
అన్నా, మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు వడ్ల తూకం లెక్కల ప్రోగ్రామ్ పైథాన్‌లో రాస్తున్నా. డేటా పాత జావా సిస్టమ్ నుంచి వస్తుంది, పేర్లన్నీ కేమెల్ కేస్ (మాటల మధ్య ఖాళీ ఉండదు, కొత్త మాట క్యాపిటల్‌తో మొదలవుతుంది). నాకు స్నేక్ కేస్ కావాలి, అంటే అన్నీ చిన్నక్షరాలు, మాటల మధ్య అండర్‌స్కోర్. ప్రతి క్యాపిటల్ ముందు అండర్‌స్కోర్ పెట్టి లోయర్ (అన్నీ చిన్నక్షరాలు) చేస్తే మిల్లర్_నేమ్ బాగానే వచ్చింది గానీ, జీఎస్టీ నంబర్ ఫీల్డ్‌లో మొదటి మూడు అక్షరాలూ క్యాపిటల్సే కదా, అది జీ_ఎస్_టీ_నంబర్ అయి కూర్చుంది.

పాలమూరు_కోడర్:
రీజెక్స్‌ను (అక్షరాల నమూనాను వెతికి మార్చేది) రెండుసార్లు నడుపు తమ్మీ. మొదట, క్యాపిటల్స్ గుంపు చివర ఉన్న క్యాపిటల్ వెంట చిన్నక్షరం ఉంటే, ఆ చివరిదాని ముందు అండర్‌స్కోర్. తర్వాత, చిన్నక్షరం లేదా అంకె పక్కనే క్యాపిటల్ వస్తే ఆ రెండింటి మధ్య. లోయర్ చేసేది ఆఖర్నే, ముందే చేస్తే మాట ఎక్కడ విరిగిందో చెప్పే గుర్తే పోతుంది.

దేవరకొండ_డెవ్:
రీజెక్స్ సరే, కానీ ఇదే డేటా మళ్లీ జావా వైపు పంపాలా? అయితే టెన్షన్ అక్కడుంది. జీఎస్టీ_నంబర్‌ను మామూలుగా కేమెల్‌లోకి తిప్పితే జీఎస్టీ మొత్తం చిన్నక్షరాల్లోనే ఉంటుంది, పాత పేరు రాదు. చదివేటప్పుడే అసలు పేరును పైథాన్ డిక్షనరీలో (కొత్త పేరుకు జతగా పాత పేరు ఉంచే చోటు) దాచి పెట్టుకో. నన్నడిగితే ఇలాంటి ఫీల్డులు కొన్నే ఉంటే రీజెక్సే వద్దు, చేత్తో ఒక పట్టిక రాసుకోవడమే మేలు.

మూసీ_పిలగాడు:
పంపాలన్నా, రోజూ సాయంత్రం పంపాలి. డిక్షనరీయే పెడతా. లాట్2 లాంటి పేర్లలో అంకె ముందు కూడా అండర్‌స్కోర్ రావాలా?

పాలమూరు_కోడర్:
నీ ఇష్టం, నేనైతే పెట్టను.