‘ఇటీవల’ అంటే కోటేళ్ళా?

పర్లాకిమిడి నుంచి (మొదటి పోస్టు)

మా వీధి పిల్లలు నెలకోసారి గోడపత్రిక పెడతారు. రెండు షీట్లు ఒడియాలో, ఒకటి తెలుగులో. తెలుగు షీటు దిద్దే పని నాది. ఈసారి తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఖగోళం మీద రాసుకొచ్చింది. మొదటి వాక్యం ఇది: “సింహరాశి దిక్కున, దగ్గర్లో పెద్ద గెలాక్సీ ఏదీ లేని లియో పి అనే మరుగుజ్జు గెలాక్సీలో ఇటీవల నక్షత్రాలు పుట్టాయి.”

బాగానే ఉందనుకుని అమ్మకి చదివి వినిపించాను. అమ్మ చింతపండులో పిక్కలు తీస్తోంది. చెయ్యి ఆపకుండానే అడిగింది: “ఇటీవలంటే ఏటి, సంకురాత్రికి ముందా, ఎనకా?”

“కోటేళ్ళలోపు, మామ్మగారూ” అంది పిల్ల. అప్పుడు ఆగింది అమ్మ చెయ్యి.

పిల్ల మొహం చిన్నబోయింది. నేను ‘ఇటీవల’ కొట్టేసి ‘ఖగోళ కాలమానం ప్రకారం ఇటీవల’ అని రాశాను. చదువుకుంటే ప్రభుత్వ సర్క్యులర్‌లా ఉంది, అదీ కొట్టేశాను. ఇప్పుడు షీటు మీద రెండు ఎర్ర గీతలు తప్ప మాట లేదు. ఏ మాట పెట్టమంటారు?

రాయగడ నుంచి

అక్కా, ‘ఇటీవల’ పేపరు భాష. ఇంట్లో ఎవరంటారు? ‘ఈమధ్య’ అంటాం, కాస్త పాతబడితే ‘మొన్నామధ్య’ అంటాం. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని ‘ఇటీవల’ పట్టుకు వేలాడ్డం ఏం బాగుంది?

పర్లాకిమిడి

గిడుగు వారిని తెచ్చి ముందు నిలబెడితే ఇంక ఎవరు నోరెత్తగలరు తమ్ముడూ! కానీ ఆయన పోరాడింది జనం నోట లేని రూపాలతో. ‘ఇటీవల’ అలా చచ్చిపోయిన మాట కాదు. విడదీసి చూడు: ఇటు + ఈవల. ఈవల అంటే ఈ పక్క, ఆవల అంటే ఆ పక్క. ఏటికి ఈవల, ఏటికి ఆవల అనమా? 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమైంది. గీత గీసేసరికి పర్లాకిమిడి ఈవల, పాతపట్నం ఆవల. అంతకు ముందురోజు రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే.

నాకిప్పుడే తట్టింది. ‘ఇటీవల’లో రోజుల్లేవు, ఏళ్ళూ లేవు. ఉన్నది ఒక గట్టు. గట్టుకి మనమున్న వైపున జరిగిందంతా ఇటీవలే. అమ్మకి ఆ గట్టు సంక్రాంతి. మరి లియో పికి ఏది?

బరంపురం నుంచి, ఫిజిక్స్ చెప్పి రిటైరైన మాస్టారు

ఉందమ్మా గట్టు. అది వేసేది నక్షత్రాలే.

నక్షత్రం ఎంత బరువుంటే అంత తొందరగా కాలిపోతుంది. మన సూర్యుడి ఆయుష్షు సుమారు 1,000 కోట్ల ఏళ్ళు. దానికి 20 రెట్లు బరువున్న నక్షత్రం కోటేళ్ళకి అటూఇటూగా అయిపోతుంది. బతికినన్నాళ్ళూ నీలంగా మండుతూ, చుట్టూ ఉన్న హైడ్రోజన్ పరమాణువుల్లోంచి ఎలక్ట్రాన్లని ఊడగొడుతుంది. అవి మళ్ళీ కలుసుకునేటప్పుడు ఆ వాయువు ఎర్రగా వెలుగుతుంది. 656.3 నానోమీటర్ల దగ్గర కనిపించే ఈ ఎరుపునే హెచ్-ఆల్ఫా అంటారు. పెద్ద నక్షత్రం పోతే ఆ ఎరుపూ పోతుంది. అంటే ఎరుపు కనిపిస్తున్నచోట నక్షత్రం పుట్టి సుమారు కోటేళ్ళకి మించలేదన్నమాట. వాకిట్లో ముగ్గు చెరక్కుండా ఉంటే ఇందాకే వేశారని చెప్పమా, అలాగ. లియో పిలో అలాంటి ఎర్రటి మచ్చ ఒకే ఒక్కటుంది.

అతినీలలోహిత కాంతిలో చూస్తే గట్టు ఇంకా వెనక్కి జరుగుతుంది, సుమారు 10 కోట్ల ఏళ్ళ దాకా. కోటేళ్ళకి అటూఇటూగా పోయే పెద్దవే కాక, ఇంకాస్త చిన్న నక్షత్రాలు కూడా ఆ వెలుగునిస్తాయి. 2015లో మనవాళ్ళు పంపిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలో యూవిట్ అనే టెలిస్కోప్ చూసేది అదే వెలుగు. కాబట్టి శాస్త్రవేత్త ‘ఇటీవల’ అన్నప్పుడు, ఏ వెలుగులో చూసి అంటున్నావని అడగాలి.

ఇంతకీ అమ్మగారి వయసెంత?

పర్లాకిమిడి

76, మాస్టారూ.

బరంపురం మాస్టారు

విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్ళు. దాన్ని అమ్మగారి 76 ఏళ్ళలోకి కుదించండి. కోటేళ్ళంటే 20 రోజులు. 10 కోట్లంటే ఆరున్నర నెలలు. 20 రోజుల కిందట పక్కింట్లో బిడ్డ పుడితే ఆవిడ ‘ఇటీవల’ అనరా?

రాయగడ

అనరు మాస్టారూ. ‘ఈమధ్య’ అంటారు.

గుణుపురం నుంచి

మా ఇంట్లో ఒడియా పేపరు వస్తుంది. అందులో ఇలాంటిచోట ‘నికటరే’ అంటారు. ‘దగ్గర్లో’ అని కదా! వాళ్ళకీ కాలం చోటులోంచే వచ్చింది.

నాకు గుచ్చుకున్నది మాత్రం ‘మరుగుజ్జు’. అది మనుషుల్ని వెక్కిరించే మాట. ఒడియాలో ‘బామన’ అని మర్యాదగా ఉంది. మనకి గున్నమామిడి ఉంది కదా, ‘గున్న గెలాక్సీ’ అంటే ఎలా ఉంటుంది?

పర్లాకిమిడి

వినగానే ముచ్చటేసింది చెల్లీ, పిల్లకి కూడా. కానీ గున్నమామిడితో పాటు గున్నేనుగు కూడా గుర్తొస్తుంది. గున్నేనుగు లేతది, రేపు పెరిగి ఏనుగవుతుంది. లియో పి లేతది కాదు. జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌తో చూస్తే అందులో విశ్వం తొలినాళ్ళ నక్షత్రాలూ ఉన్నాయని తేలింది. అప్పట్లో కొన్ని పుట్టాయి, తరవాత చాలాకాలం పుట్టడం ఆగిపోయింది, మళ్ళీ మొదలైంది. ముసలిదే, కాకపోతే పొట్టిది. ‘వామన’ అందామంటే మన కథలో వామనుడు మూడడుగులతో లోకమంతా నిండిపోతాడు, ఇంకా ఇబ్బంది. మరుగుజ్జు నాకూ ఇష్టం లేదు. ‘చిట్టి గెలాక్సీ’ అని మార్చాను. ఒప్పుకుంటారో లేదో.

సిరొంచ నుంచి

‘దగ్గర్లో పెద్ద గెలాక్సీ ఏదీ లేని’ అని అంత పొడుగెందుకు? ‘ఒంటరి’ అంటే చాలదా?

పర్లాకిమిడి

‘ఒంటరి’ అనగానే అయ్యో పాపం అనిపిస్తుందండీ. దీని విషయంలో అయ్యో అనాల్సిందేమీ లేదు. పెద్ద గెలాక్సీ చుట్టూ తిరిగే చిన్నవాటి వాయువుని ఆ పెద్దది ఊడ్చేస్తుంది. వాయువు పోయాక కొత్త నక్షత్రాలెక్కడివి? లియో పికి ఆ బాధ లేదు. ఇప్పటికీ అందులో నక్షత్రాలన్నిటి బరువు కంటే హైడ్రోజన్ వాయువు బరువే ఎక్కువ. అసలు అది దొరికిందే ఆ వాయువు వల్ల, అరెసిబో రేడియో టెలిస్కోప్‌కి. అమ్మకి ఇదంతా చెబితే, “ఒంటికాయ శొంఠికొమ్మన్నమాట. ఎవరికీ ఏటీ పెట్టక్కర్లేదు” అంది. షీటు మీద ఆ ముక్కే రాయాలని నాకుంది, పిల్ల ఒప్పుకోవట్లేదు.

బరంపురం మాస్టారు

అన్నీ తేలాక ఇంకో పేచీ పెడుతున్నాను, తిట్టుకోకండి. లియో పి మనకి సుమారు 53 లక్షల కాంతి సంవత్సరాల దూరం. మనం చూసే ఎరుపు 53 లక్షల ఏళ్ళ కిందట బయల్దేరింది. దాన్ని వెలిగించిన పెద్ద నక్షత్రం ఈపాటికి పోయి ఉండొచ్చు. ‘పుట్టాయి’ అని కళ్ళారా చూసినట్టు రాయడం...

రాయగడ

దానికేం మాస్టారూ, ‘పుట్టాయట’ అంటే సరి. ఆలస్యంగా చేరిన కబురుకి మన భాషలో ‘అట’ ఉంది కదా.

పర్లాకిమిడి

అదీ మాటంటే! షీటు నిన్న సాయంత్రం గోడకెక్కింది: “సింహరాశి దిక్కున, దగ్గర్లో పెద్ద గెలాక్సీ ఏదీ లేని లియో పి అనే చిట్టి గెలాక్సీలో ఇటీవల నక్షత్రాలు పుట్టాయట.” ‘ఇటీవల’ పైన పెన్సిల్‌తో సన్నగా ‘ఈమధ్య’ అని ఉంది తమ్ముడూ. అది నేను రాయలేదు, పిల్ల రాసింది. చూశాను, కొట్టెయ్యలేదు.